గూటి మూతి

దిగుడుబావి మీదికి వంగిన ఈతచెట్టుకి గిజిగాళ్ళ గూళ్ళు వేలాడుతుండేవి. కిందికి గొట్టంలా దిగిన సన్నటి మూతి. దూరాలంటే గిజిగాడికే ఒళ్ళు ముడుచుకోవాలి. తాతల నాటి పద్ధతి. ఆ ఏడు బావి గట్టున జెర్రిపోతు కనబడింది. ఇంకేముంది, చెట్టంతా గగ్గోలు!

గిజిగాళ్ళ పెద్ద పైడయ్య సభ పెట్టాడు. "పిడికెడంత పిట్టలం. బలవంతుడి చాటున బతకాలి. కాకిదండుతో పొత్తు కడదాం."

"కంచే చేను మేస్తే కాచేదెవరయ్యా?" అంది అతని పెళ్ళాం నూకాలు. "మనకెవరి పొత్తూ వద్దు. మన గూటి మూతే మన సైన్యం."

"గడ్డిపోచ అల్లడం రానిదానివి, నీకు రాజకీయాలెందుకే?" అన్నాడు పైడయ్య. చెట్టంతా పకపకా నవ్వింది.

కాకుల దళవాయి వచ్చాడు. మెడ తిప్పుతూ గూళ్ళన్నీ చూశాడు.

"మీకోసం ప్రాణాలిస్తాం బావా! కానీ పాము లోపల దూరితే మేమెలా రావాలి? ఈ మూతుల్లో మా ముక్కు కూడా పట్టదు. కాస్త వెడల్పు చేయించు."

"అదెంత పని!"

అంతటివాడు బావా అన్నందుకే పైడయ్య ఉబ్బి తబ్బిబ్బయ్యాడు. గూడు గూడుకీ తిరిగి మూతులు విప్పించాడు. పక్కగూటి లచ్చి గుడ్ల మీంచి లేవకుండా "భయంగా ఉంది మావా" అంటే, "నేనున్నానే పిచ్చిదానా" అని తన ముక్కుతోనే ఆమె గూటి మూతి విప్పాడు. తన గూటికొచ్చేసరికి నూకాలు అడ్డం కూచుంది.

"నా ప్రాణం పోయాక విప్పు."

సర్లే, రేపు చూద్దాం అనుకున్నాడు. లోలోపల హాయిగానే అనిపించింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు, కాకులున్నాయన్న ధీమాతో తల్లులు కూడా జొన్నచేలకి పోయారు. నూకాలు మాత్రం కదల్లేదు. పోయినవాళ్ళు తిరిగొచ్చేసరికి బావినీళ్ళ మీద గుడ్ల పెంకులు తేలుతున్నాయి. కాకులు ఈతమట్టలకి ముక్కులు తుడుచుకుంటున్నాయి.

"పాముని రానిచ్చామా చెప్పు? మాట తప్పలేదు!" అన్నాడు దళవాయి.

"మరి గుడ్లు?"

"కాపలా కాసేవాడికి ఆకలెయ్యదా బావా!"

కాకులు ఎగిరిపోయాయి. పైడయ్యని ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండును. అంతలో చెట్టంతటికీ ఒకే ఒక్క గూట్లోంచి కిచకిచలు వినబడ్డాయి. పైడయ్య పిల్లలు గుడ్లు పగలగొట్టుకుని బయటికొస్తున్నాయి.

లచ్చి ఆ గూటి సన్నటి మూతి కేసి చూసింది. తర్వాత అతనికేసి చూసింది.

"నీది విప్పలేదా మావా?"

పైడయ్యకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. సొంతపిల్లల కూత వింటే సంతోషించాల్సిన తండ్రి, అవి నోరు మూసుకుంటే బాగుండుననుకున్నాడు. అలా అనుకున్నందుకు ఇంకా సిగ్గేసింది. ఓ గడ్డిపోచ కరుచుకొచ్చి లచ్చి గూటి మూతి అల్లడం మొదలెట్టాడు.

"ఇప్పుడు లోపలేముందని మావా?" అంది లచ్చి.

కావలివాడు గుమ్మం వెడల్పు చెయ్యమంటే, ఒప్పుకున్న పెద్ద ముందు తన గుమ్మమే విప్పి చూడాలి.