గజ్జల్లో కప్ప

రోగులు ఎంత అడ్డదిడ్డంగా చెప్పుకుపోతున్నా వైకుంఠరావు డాక్టరుగారు కుర్చీ దగ్గరికి లాక్కుని వినేవారు. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న డాక్టరు హిమజకు అది కాలహరణంగా తోచేది. ఒక ఉదయం అడిగేసింది: "వాళ్ళు చెప్పేదాంట్లో సగం పొరపాటే కదా సర్. లోపలిది చూపించే యంత్రం ఉండగా అంతసేపు ఎందుకు వినడం?"

అప్పుడే అప్పలనరసమ్మను మంచం మీద తీసుకొచ్చారు. జీడిపిక్కలు ఒలుచుకుని బతికే మనిషి. నాలుగు రోజుల కిందట తొడ మొదట్లోని రక్తనాళంలోంచి సన్నని గొట్టం పంపి ఆవిడ గుండెను పరీక్షించారు. ఇప్పుడు అక్కడ నిమ్మకాయంత వాపు. గజ్జల్లో బిళ్ళ కట్టిందనుకుని, ఎవరికీ చూపించుకోలేక, పసుపూ సున్నమూ పట్టు వేసుకుంది. ఆ పట్టుకు చర్మం కమిలి ఎర్రబడింది. అది చూసి హిమజ చీముగడ్డ అనుకుంది. కోసేద్దామని కత్తి సిద్ధం చేయించింది.

"గడ్డేటి బాబూ, లోపల కప్ప గంతులేస్తంది," అంది అప్పలనరసమ్మ.

"మా అత్తకి చారులో కూడా చేపలు ఈదుతాయి లెండి," అంది వెంట వచ్చిన కోడలు. హిమజ నవ్వేసింది.

ఆయన నవ్వలేదు. "ఎప్పుడెప్పుడు గంతేస్తోందమ్మా?"

"నా గుండె కొట్టుకున్నప్పుడల్లా బాబూ."

ఆయన కత్తి ఉన్న పళ్ళెం పక్కకు జరిపించి, స్కానింగు తెర వెలిగించమన్నారు. వాపు లోపల నెత్తురు ఎరుపూ నీలమూ రంగుల్లో సుడి తిరుగుతోంది. ఇక్కడొకటి తెలుసుకోవాలి. గొట్టం తీశాక రక్తనాళంలోని చిల్లు మామూలుగా పూడిపోతుంది. ఎక్కడో ఒకరికి పూడదు. అప్పుడు నెత్తురు బయటికి వచ్చి, పక్కనే సంచిలా నిలిచి, గుండెతో పాటు కొట్టుకుంటుంది. అక్కడ కత్తి పడి ఉంటే? హిమజ ఆ కత్తి పళ్ళేన్ని ఇంకా దూరం జరిపింది.

తెర మీద చూసుకుంటూ ఆయన సన్నని సూదిని సంచిలోకి దించి, నెత్తురును గడ్డకట్టించే మందు కొన్ని చుక్కలు వదిలారు. పది లెక్కపెట్టేలోగా సుడి ఆగిపోయింది. పక్కనున్న పెద్ద నాళం మాత్రం ఏమీ ఎరగనట్టు పారుతూనే ఉంది.

"పడుకుంది బాబూ," అంది అప్పలనరసమ్మ మెల్లగా.

హిమజ ఆ తెరకేసి చూస్తూ, తనకు తెలియకుండానే చేతులు జోడించింది.

"దణ్ణం సరేగాని," అన్నారు గురువుగారు అప్పలనరసమ్మను చూపిస్తూ, "ముందు ఇటు తిరిగి పెట్టమ్మా."