కుడికాలితో తిన్న చిలక

ఊ కొడితేనే చెబుతాను, ఆవలిస్తే ఆపేస్తాను. వెనకటికి ఒక రాజు, ఆయనకు ముగ్గురు కొడుకులు. ఏటి అవతలి అడవిలో ధూమకంఠుడనే మాంత్రికుడు ఉండేవాడు. పెద్దవాడూ నడిపివాడూ అక్కడికి వేటకు వెళితే ఇద్దరినీ రాళ్లు చేసేశాడు. అన్నలంటే ప్రాణమిచ్చే కడసారివాడు మణికేతుడు వెతుక్కుంటూ వెళ్లాడు.

మాంత్రికుడు నవ్వాడు. "ఈ అడవిలో వెయ్యి చిలకలున్నాయి. ఒకదానిలో నా ప్రాణముంది. మూడు రోజుల్లో పట్టుకుంటే నీ అన్నలను ఇస్తాను. లేదా నువ్వూ రాయివే!"

మొదటిరోజు రాజకుమారుడు కాలిబాట పట్టాడు. ఎండుటాకులు కరకరమన్నాయి, చిలకలు తుర్రుమన్నాయి. రెండోరోజు నూకాలు అనే పడవ నడిపే పిల్ల దోనె ఎక్కాడు. ఎక్కినవాడు ఊరుకోక, తెడ్డు లాక్కుని దబదబా వేశాడు. చిలకలు మళ్లీ తుర్రు! పాపం, తలపట్టుకుని ఏడ్చాడు.

నూకాలుకు జాలేసింది. "ఏడవకండి బాబూ. రేపు తెడ్డు ముట్టకండి, నోరు మెదపకండి. చూడ్డమే మీ పని" అంది.

మూడోరోజు దోనెను ఏటివాలుకు వదిలి, ఒడ్డున మేడిచెట్టు కింద ఆపింది. చెట్టునిండా చిలకలే. అన్నీ ఎడమకాలితో పండు పట్టుకుని తింటున్నాయి. ఒక్కటి మాత్రం ఎడమకాలితో అందుకుని, ఎవరో కసిరినట్టు ఉలిక్కిపడి, కుడికాలికి మార్చుకుంది.

"అదే బాబూ! లోపలున్నది మనిషి ప్రాణం కదా, చిన్నప్పుడు ఎడంచేత్తో తింటే ఏ తల్లో చేతిమీద ఒకటేసుంటది" అని గుసగుసలాడింది నూకాలు.

మణికేతుడు కుడి అరచేతిలో పండు పెట్టి, కదలకుండా చాపాడు. చాలాసేపటికి చిలక వచ్చి వాలింది. మాంత్రికుడు పరుగున వచ్చి కాళ్లమీద పడ్డాడు.

"దాన్ని నలిపెయ్యకు నాయనా! అమ్మ పోయినరోజు చావంటే భయం పట్టుకుంది. అందుకే ప్రాణం దాచుకున్నాను."

రాజకుమారుడు చిలకను మెల్లగా నిమిరాడు. "నా అన్నలను ఇచ్చెయ్ తాతా. నీ చిలకకు ఏమీ కాదు" అన్నాడు.

రాళ్లు కదిలాయి, అన్నలు లేచారు. మణికేతుడు నూకాలును పెళ్లాడతానన్నాడు. దోనె కూడా కోటకు వస్తుందంటేనే ఆమె ఒప్పుకుంది.

పెళ్లిబంతిలో నూకాలు మాంత్రికుడికి తన చేత్తో వడ్డించింది. "అమ్మ పోయాక ఎవరూ పిలిచి పెట్టలేదమ్మా" అంటూ అతను కళ్లు తుడుచుకున్నాడు. "ఇక దాచుకోను. అందరిలాగే బతికి అందరిలాగే పోతాను" అని ప్రాణాన్ని చిలకలోంచి గుండెల్లోకి తీసుకున్నాడు.

మణికేతుడూ నూకాలూ జుట్టు నెరిసేదాకా రాజ్యమేలారు. ఆ చిలక మేడిచెట్టు మీద హాయిగా ఎడమకాలితో తింటూ బతికింది. మీరు మాత్రం కుడిచేత్తోనే తినండి!