తొట్టిలో తగ్గిన నీళ్లు

పీరయ్యకు అనుమానం పట్టుకుంది. అది పట్టుకుంటే అన్నం సయించని మనిషి అతను.

గురువు జలాల్ బాబాకు ఊరంటూ లేదు. పాత బస్సులో సీట్లు పీకించి, మంచమూ పొయ్యీ పెట్టించుకుని, దర్గా నుంచి దర్గాకు తిరుగుతుంటాడు. కిందటి వేసవిలో ఆ బస్సులోనే వడదెబ్బ తగిలి మూడు రోజులు స్పృహ లేకుండా పడి ఉన్నాడు. ఇంకోసారి తగిలితే మనిషి దక్కడని డాక్టరు చెప్పాడు. అందుకే ఈ ఏడు బస్సును చల్లగా ఉంచే పని పీరయ్య నెత్తికెత్తుకున్నాడు.

గాలి వచ్చే వైపు కిటికీలకు వట్టివేళ్ల తెరలు కట్టి, చెంబుతో నీళ్లు పోస్తాడు. కారిన నీళ్లు కింద రేకుతొట్టిలో పడతాయి. వాటినే తోడి మళ్లీ పోస్తాడు. చుక్క బయటికి పోయే దారి లేదు.

అయినా పొద్దున నిండుగా ఉన్న తొట్టి, మూడు గంటలకల్లా సగానికి వచ్చేది. ఆదోని దాటాక ఆ దారిలో బిందెడు నీళ్లు దొరకడమే గగనం.

బస్సులో ఉండేది ముగ్గురు. బాబా మంచం దిగడు. తను దొంగ కాదని పీరయ్యకు గట్టి నమ్మకం. ఇక మిగిలింది డ్రైవరు ఓబులేసు. మధ్యాహ్నమంతా బస్సు ఆపుకుని, అవతలి కిటికీ పక్కనే కూర్చుంటాడు. పైగా ఎప్పుడు చూసినా అతని జుట్టు తడిగానే ఉంటుంది.

"ఓబులేసూ, తొట్టిలో నీళ్లు ముట్టుకుంటున్నావా?"

"నాకెందుకన్నా ఆ నీళ్లు? తల తడుపుకునేకి నా సీసా నాకుండాది."

కోపం తెచ్చుకోకుండా చెప్పాడు. దాంతో పీరయ్య అనుమానం రెట్టింపయింది.

మర్నాడు అవతలి కిటికీలన్నీ బిగించాడు. ఓబులేసును బయటే ఉంచి తలుపు గడియపెట్టి, ఎప్పట్లాగే తెరలకు నీళ్లు పోస్తూ తొట్టి పక్కనే కాపలా కూర్చున్నాడు. మూడయింది. నీళ్లు వేలెడు కూడా తగ్గలేదు.

పీరయ్యకు ప్రాణం లేచివచ్చింది. కిటికీ సందులోంచి కేకేశాడు. "ఓబులేసూ, మూట కట్టుకో. బాబాతో చెప్పి ఈ రోజే పంపించేస్తా."

మంచం దగ్గరికి వెళ్లాడు. బాబా పరుపు చెమటకు తడిసిపోయింది. రొప్పుతున్నాడు. పీరయ్య అదేమీ చూడలేదు.

"దొంగ దొరికినాడు బాబా. వాణ్ణి రానీకుండా చేస్తే నీళ్లు నీళ్లట్లే ఉండాయి."

బాబా మెల్లగా లేచాడు. చెంబుడు నీళ్లు ముంచి పీరయ్య నెత్తిన పోశాడు. చొక్కా అంతా తడిసిపోయింది.

"కూచో."

కూర్చున్నాడు. చొక్కా ఒంటికి అతుక్కుని చిరాకు పెట్టింది.

"హాయిగా ఉందా?"

"లేదు బాబా. ఉక్కపోస్తాంది."

బాబా వెళ్లి గడియ తీశాడు. అవతలి కిటికీలు ఒక్కొక్కటే తోశాడు. పీరయ్య సాయానికి లేవబోతే వద్దన్నాడు.

తడి తెరల్లోంచి గాలి లోపలికి వచ్చింది. బస్సంతా వట్టివేళ్ల వాసన నిండింది. పీరయ్య ఒళ్లు జలదరించింది. బాబా మంచం మీద కూలబడి కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి ఆయన రొప్పు తగ్గింది.

బయట ఓబులేసు తన బట్టలు దులిపి మూట కడుతున్నాడు.

చాలాసేపయ్యాక బాబా చెయ్యి చాచి పీరయ్య చొక్కా పట్టుకుని చూశాడు. పొడిగా ఉంది.

"చెంబుడు నీళ్లు పోసినా కదరా నీమీద. ఎవడు ఎత్తుకుపోయినాడో చెప్పు. వాణ్ణీ పంపించేద్దాం."

పీరయ్య తొట్టి వైపు చూశాడు, తెరల వైపు చూశాడు, నిన్నటిదాకా తెరిచి ఉండి తను బిగించిన కిటికీల వైపు చూశాడు. సిగ్గుతో బస్సు దిగి, ఓబులేసు చేతిలోంచి మూట లాక్కుని తెచ్చి, తన చాప పక్కన పెట్టాడు.