పట్టి విడిచే కడియం

అనగనగా ఇనుపగిరి అని ఒక రాజ్యం, దానికి వజ్రకేతు అని ఒక రాజు. ఆ రాజ్యంలో రాజు మొదలు కూలివాడి దాకా అందరికీ కొలిమి పని వచ్చు. రాజకుమారులు పన్నెండో ఏట తమ చేత్తో తామే ఇనప కడియం కొట్టుకుని వేసుకోవాలి. ఇక తీయకూడదు. తీసినవాడికి సింహాసనం లేదు, అదీ ఆచారం. తుప్పు పడితే చింతపండు పెట్టి చేతి మీదే తోముకునేవారు గానీ తీసేవారు కాదు.

రాజుకి ముగ్గురు కొడుకులు: విజయకేతు, ధవళకేతు, మణికేతు. చిన్నవాడు మణికేతుకి ఏది చూసినా ఇదెందుకిలా ఉందని అడగడం అలవాటు. వాడు వంటింటి వైపు వస్తుంటే వంటవాళ్ళు తలుపులేసుకునేవారు, పాపం.

ఇలా ఉండగా శిలాదంష్ట్రుడనే మాంత్రికుడు పొరుగున తామ్రపురి రాజకుమారి తామ్రలేఖను ఎత్తుకుపోయాడు. వాడి కాపురం ఏడు సముద్రాల అవతల సూదంటురాతి కొండ మీద. ఇనుము ఎక్కడున్నా ఆ కొండ లాక్కుంటుంది. ఆమెను తెస్తానని పెద్దవాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. అన్నను వెతుకుతూ రెండోవాడు వెళ్ళాడు, వాడూ రాలేదు. రాణి అన్నం ముట్టడం మానేసింది.

"అన్నయ్యల్ని తీసుకొస్తానమ్మా. అంతదాకా రెండు ముద్దలైనా తిను" అన్నాడు మణికేతు. ఆవిడ తల ఊపింది గానీ తినలేదు.

అన్నలవి మేకులు దిగ్గొట్టిన ఓడలు. మణికేతు మాత్రం జాలరుల చేత పలకలన్నీ కొబ్బరి తాళ్ళతో కుట్టించుకున్నాడు. పడవలో ఒక్క మేకు లేదు. బయల్దేరబోతుంటే ఒడ్డున ఇసకలో విస్తరాకంత చేప ఒకటి కొట్టుకుంటోంది. ముట్టుకుంటే చాలు, చెయ్యి జివ్వుమని మోచేతి దాకా మొద్దుబారిపోతుంది. అన్నలు వెళ్ళినప్పుడూ అది అలాగే ఒడ్డున పడితే, పెద్దవాడు దాన్ని చూసి తప్పుకుపోయాడట. రెండోవాడు కర్రతో పక్కకి నెట్టాడట. మణికేతు ముట్టుకుని, అమ్మో అనుకుని, మళ్ళీ ముట్టుకుని, రెండు చేతులా ఎత్తి నీళ్ళ తొట్టిలో వేశాడు. చేప సంతోషించి, నేనూ వస్తాను, ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తాను అంది.

ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఆరు దాటారు. ఏడో సముద్రంలో మణికేతు చెయ్యి దానంతట అదే ముందుకి సాగడం మొదలెట్టింది. కడియాన్ని ఎవరో పట్టి లాగుతున్నట్టుంది. ఎదురుగా పడుకున్న దున్నపోతులా పొడుగాటి కొండ. ఆ కొండ తలకాయకి అన్నలిద్దరూ చేతులు పైకెత్తి అంటుకుని ఉన్నారు. అంటుకున్నది చేతులు కావు, కడియాలు. మాంత్రికుడు రోజూ కాస్త గంజి పోసి వాళ్ళను బతికిస్తున్నాడు, చూసి నవ్వుకోడానికి.

కడియాలు తీసేసి దూకండని మణికేతు కేకేశాడు. ప్రాణం పోయినా తీసేది లేదన్నారు వాళ్ళు. నువ్వూ తీయకురా, రాజ్యం పోతుందని పెద్దన్న అరిచాడు.

మణికేతు ఒక్క క్షణం తన కడియాన్ని చూసుకున్నాడు. పన్నెండో ఏట వేలు కాల్చుకుని మరీ కొట్టుకున్నది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా తీసేశాడు. తీసి తాడు కట్టి పడవ కొయ్యకి వేలాడదీశాడు. కొండ తల వైపు పోతే కడియం తల వైపు ఒరిగింది. తోక వైపు పోతే తోక వైపు ఒరిగింది. కొండ నడుం దగ్గరికి రాగానే ఎటూ ఒరగకుండా నిటారుగా వేలాడింది. సూదంటురాతి పట్టంతా కొసల్లోనే ఉంటుంది, నడుమన ఉండదని వాడికి అప్పుడర్థమయింది. కడియం మొల్లో పెట్టుకుని, చేప తొట్టి నెత్తినెత్తుకుని అక్కడే దిగాడు.

సరిగ్గా అక్కడే మాంత్రికుడి కోట. వాడు మధ్యాహ్నం భోంచేసి గుర్రు పెడుతున్నాడు. లోపల గదిలో తామ్రలేఖ కూర్చుని ఉంది. తామ్రపురి వాళ్ళు రాగి తీగ లాగడంలో మొనగాళ్ళు. ఆమె మెడలో, చేతుల్లో ఉన్నవన్నీ సన్నటి రాగి తీగ సొమ్ములే. పొద్దుపోక ఒక సూదిని కొండరాతికి రుద్ది, పట్టుదారంతో వేలాడదీసుకుంది. దాన్ని ఎటు తిప్పినా తిరిగి ఉత్తరం వైపే చూసేది. తన ఊరు అటే అని ఆమె దాన్ని చూస్తూ కూర్చునేది.

మాంత్రికుడి ప్రాణం చిలుకలో ఉందని ఆమె చెప్పింది. చిలుక పలుగురాతి గదిలో ఉంది. తలుపుకి లోపల ఇనప గడియ. ఆ గడియ మూడుసార్లు లేచి మూడుసార్లు పడితే గాని తలుపు తెరుచుకోదు. సూదంటురాయి పెట్టి తను లాగి చూసింది. గడియ లేచింది గానీ మళ్ళీ పడలేదు. రాయి పట్టిందంటే వదలదు, ఉడుంపట్టు. రాయిని పీకి తీసేసరికి పూట గడిచింది, ఈలోగా మాంత్రికుడు లేచాడు.

ఆమె చెబుతూ చెబుతూ తొట్టిలోకి వంగింది. మెడలోని తీగ జారి, ఒక కొస చేప వీపుకీ, ఇంకో కొస పొట్టకీ తగిలింది. చేప జివ్వుమంది. తీగ పక్కన వేలాడుతున్న సూది చటుక్కున పక్కకి తిరిగి, మళ్ళీ ఉత్తరానికి వచ్చింది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అక్కడ ఇనుమూ లేదు, రాయీ లేదు, వట్టి రాగి తీగ. చేప సత్తువ తీగలో పారుతున్నంతసేపూ ఆ తీగే సూదంటురాయి అయింది, సత్తువ ఆగగానే మామూలు తీగ అయిపోయింది.

"ఒక వరస తీగకి సూది కదిలితే, నూరు చుట్లు చుడితే?" అంది తామ్రలేఖ.

"చుట్టడానికి లోపల మెత్తని ఇనుము కావాలి. ఉక్కయితే పట్టు వదలదు" అని మణికేతు మొల్లోంచి కడియం తీశాడు. తను కొట్టింది మెత్తని ఇనుమే. దాన్ని లాడంలా వంచాడు. ఆమె సొమ్ములన్నీ విప్పి ఒక్క తీగ చేసి చుట్టింది. చిలుక గది తలుపుకి దాన్ని ఆనించి, తీగ కొసలు చేపకి తగిలిస్తే గడియ ఉలకలేదు. చుట్టుకి చుట్టు తగిలి సత్తువ అడ్డదారిన పోతోందని ఆమె కనిపెట్టి, తీగ పొడుగునా పట్టుదారం పేని మళ్ళీ చుట్టింది.

చేప జివ్వుమంది, గడియ లేచింది. చేప ఆగింది, గడియ పడింది. రెండోసారీ అంతే. మూడోసారికి చేప సోలిపోయింది. పక్క గదిలో గుర్రు ఆగింది. మణికేతు దాని తల నిమురుతూ ఇంక వద్దులే, నువ్వు చచ్చిపోతావన్నాడు. చేతికి జివ్వుమని తగిలినా చెయ్యి తీయలేదు. చేప కళ్ళు మూసుకుని ఉన్న సత్తువంతా వదిలింది. గడియ లేచింది, పడింది, తలుపు తెరుచుకుంది.

చిలుక గడప మీదికి వచ్చి, నన్ను చంపకు నాయనా, నేనీ కొండ దాటిపోతే వాడి ప్రాణం నాతోనే పోతుంది అంది. ఎగిరిపోయింది. మాంత్రికుడు మంచం మీద లేవబోయి, సగంలోనే పడిపోయాడు. కొండ పట్టు వదిలేసింది. అన్నలిద్దరూ దబ్బుమని నీళ్ళల్లో పడ్డారు. చేపని సముద్రంలో దింపితే కాసేపు తేలి, మెల్లగా ఈదింది.

ఇనుపగిరిలో రాజు ముగ్గుర్నీ కావలించుకుని ఏడ్చాడు. తర్వాత చిన్నవాడి ఉత్త చెయ్యి చూసి తల దించుకున్నాడు. ఆచారం ఆచారమే కదా, పెద్దవాడికే పట్టం కడతానన్నాడు.

విజయకేతు సభ మధ్యలో నిలబడి తన కడియం తీసి తండ్రి పాదాల దగ్గర పెట్టాడు. "ఏడు నెలలు నాన్నగారూ. ఇది తీస్తే బతుకుతానని తెలిసీ సింహాసనం కోసం వేలాడాను. వాడు మా కోసం సింహాసనమే వదిలాడు" అన్నాడు. ధవళకేతూ తీసేశాడు. రాజు లేచి చిన్నవాడి చెయ్యి పట్టుకుని సింహాసనం దగ్గరికి నడిపించాడు.

పెళ్ళీ పట్టాభిషేకమూ ఒకే రోజున జరిగాయి. రాగి తీగ చుట్టిన కడియాన్ని తామ్రలేఖే మణికేతు చేతికి వేసింది. వాళ్ళు అరవై ఏళ్ళు చల్లగా ఏలారు. ఆ ఊళ్ళో పెళ్ళికొడుకు ఇనుము తేవాలి, పెళ్ళికూతురు రాగి తేవాలి అన్న ఆచారం అప్పట్నుంచే. విందుకి చేపనూ పిలిచారు. అందరూ దూరం నుంచే దణ్ణం పెట్టారు.

రాణి ఆ పూట ముగ్గురు కొడుకుల మధ్య కూర్చుని, మారు అడిగి మరీ పెట్టించుకుని తింది.