మొసలి మడుగులో హీరోగారి మొదటి గుక్క

వింధ్య కొండలకు అవతల హిందీ అడవి ఉంది. అక్కడ సినిమాలు తీసేవి నక్కలు, చూసేవి తతిమ్మా జంతువులన్నీ. ఆ అడవి మొత్తానికి హీరో అంటే ఒక్కడే. దిల్‌బహార్ అనే తెల్లగుర్రం.

ఏం హీరో అండీ ఆయన! నల్లటి జూలు ఒక్కసారి విదిలిస్తే ఏడు వాగుల అవతల ఆడలేళ్లు సొమ్మసిల్లి పడిపోయేవి. సకిలిస్తే చెట్టు మీది కాయలు కాలం రాకముందే పండి రాలేవి. లోయ మీంచి దూకితే, కింద వెళ్తున్న మేఘాలు ఆగి తలెత్తి చూసేవి. కాకపోతే ఆ సకిలింపు ఆయనది కాదు. పొద వెనక నిలబడి ఇంకో గుర్రం సకిలించేది. లోయ దూకిందీ ఆయన కాదు. ఒళ్లంతా సుద్దమట్టి పూసుకున్న ఒక డూపు గాడిద దూకేది. ఆయన చేసిందల్లా గాడిద దూకకముందు ఒకసారి, దూకాక ఒకసారి జూలు విదల్చడం. అలాగని తేలిగ్గా తీసెయ్యకండి. ఆ విదల్చడం మాత్రం అచ్చంగా ఆయనదే.

అన్నిటికంటే గొప్ప సీను మొసలిది. దిల్‌బహార్ నీళ్లలోకి దిగి, మొసలి వీపు మీద కాలు మోపి, "అరే ఓ మగర్‌మచ్ఛ్! ఈ దిల్‌బహార్ కాలు కింద పడ్డవాడు మళ్లీ నోరు తెరవడు!" అనేవాడు. తర్వాత దాని తోక నోట కరిచి గట్టు మీదికి ఈడ్చి పారేసేవాడు. మొసలి చెక్కది. తాటిదుంగ చెక్కి, కళ్లకు రెండు గురిగింజలు అతికించారు.

వయసు ఎవరి కోసం ఆగుతుంది? జూలు నెరిసింది. నేరేడుపళ్ల రసం పూసి నల్లగా చేయించుకునేవాడు. ఆఖరి సినిమాకు వచ్చింది రెండు గబ్బిలాలు. అవీ తలకిందులుగా వేలాడి నిద్రపోయాయి.

ఆ దిగులులో ఉండగా తెలుగు అడవి నుంచి చిట్టెబ్బాయి అనే నక్క వచ్చింది. నల్లకొండ అడవిలో హిందీ సినిమాలు ఆడించేది ఆ నక్కే.

"బాబుగారూ, మీరిక్కడ మేత కోసం తల దించుకున్నారా? మా అడవిలో మీ మొసలి సీను ఇప్పటికీ ఆడుతోంది. ఎలుగుబంట్లు తేనె తినడం మానేసి చూస్తున్నాయి!" అంది.

దిల్‌బహార్ చెవులు రెండూ నిక్కబొడుచుకున్నాయి. "సచ్? ఇంకా చూస్తున్నారా?"

"చూడటమా? మీకు పట్టం కట్టడానికి తయారుగా ఉన్నారు. మాకు మడుగుపెద్ద అని ఒక పదవి ఉంది. అడవి మొత్తానికి ఒకే మడుగు. దానికి పెద్ద ఎవరో అడవికి పెద్ద వాడే. మీరు నిలబడండి. మిగతాది నేను చూసుకుంటా."

"పనేం ఉంటుంది?"

"పనా! మీకెందుకండీ పని? జూలు విదల్చండి చాలు."

అంతటి మాట అన్నాక ఇంకేం అడుగుతాడు? ఆ పూటే బయల్దేరాడు. చెక్కమొసలిని కూడా డూపు గాడిద చేత మోయించుకుని తెచ్చాడు. ఎందుకైనా పనికొస్తుందని.

నల్లకొండలో అప్పటికి మడుగుపెద్ద దున్నపోతు పోలయ్య. ఆయన్ని చూస్తే ఎవరికీ సొమ్మసిల్లాలనిపించదు. ఒళ్లంతా బురద, కొమ్ము ఒకటి విరిగింది. మాట మొదలుపెడితే నెమరు వేస్తూ వేస్తూ ఎప్పటికో పూర్తి చేసేవాడు. ఆ ఏడు ఎండలు ముదిరి మడుగు సగానికి దిగింది. ఆ సగం నీళ్లలోనే మాణిక్యం అనే మొసలి ఉంది. పోయినేడాది అది అడవిపంది అక్కమ్మ పిల్లను లాక్కుపోయింది. అక్కమ్మకు ఇంకా నలుగురు పిల్లలున్నారు. నాలుకలు ఎండి, తల్లి వెనకాలే తిరుగుతున్నారు.

ఎన్నికల సభలో పోలయ్య లేచాడు. "నీళ్లు తక్కువున్నాయి. మొసలి ఉంది. గుంపుగా దిగాలి. పిల్లలు మధ్యలో ఉండాలి. చుట్టూ మేం దున్నలం నిలబడతాం. వంతుల ప్రకారం..." అని ఆగి, కాసేపు నెమరేసి, "...తాగాలి" అన్నాడు.

కోతులు ఆవలించాయి.

తర్వాత దిల్‌బహార్ లేచాడు. మద్దిచెట్టు కింద మెడ వంచి, కాస్త ఎండ పడేలా నిలబడి, జూలు విదిల్చాడు. ఆ గాలికి ముందు వరసలో కుందేళ్లు వెనక్కి పల్టీలు కొట్టాయి!

"భాయియో! బెహనో! వంతులా? గుంపులా? మొసలికి భయపడి నీళ్లు తాగాలా? నేను దాని తోక పట్టి ఈడ్చి అవతల పారేస్తా!"

అడవి హోరెత్తింది. కప్పలు సైతం ఈల వేశాయి. అక్కమ్మ ఒక్కతే మూతి ముడుచుకుని అడిగింది. "హీరోగారూ, తమరెప్పుడైనా నిజం మొసలిని చూశారా?"

"చూడటమేంటి! అన్ని సినిమాల్లో కొట్టా!"

"అది కాదు బాబూ నేనడిగింది..."

"ఏయ్ అక్కమ్మా, పెద్దవాళ్లు మాట్లాడేటప్పుడు మధ్యలో నీ గురగురలేంటి?" అని నక్క అడ్డుపడింది. "బాబుగారి కాలి దుమ్ముకు సరిపోవు నువ్వు."

"కాలి దుమ్ము సరేరా చిట్టెబ్బాయ్, నా పిల్లలకు నీళ్లు కావాలి. నీళ్లు తాగిస్తాడో లేదో చెప్పు."

దిల్‌బహార్ మెత్తగా నవ్వాడు. ఆడవాళ్లు కోపంగా ఉన్నప్పుడు సినిమాల్లో నవ్వే నవ్వు అది. "ఫికర్ మత్ కరో, దిగులు పడకు అక్కయ్యా. నీ పిల్లలు నా పిల్లలే."

"నా పిల్లలకు తండ్రి ఉన్నాడులే. నీళ్ల సంగతి చూడు."

ఓటంటే అక్కడ పచ్చటి ఆకు. నచ్చినవాడి ముందు ఒక ఆకు పడెయ్యాలి. దిల్‌బహార్ ముందు పడిన ఆకుల గుట్ట ఎక్కితే నల్లకొండ శిఖరం పొట్టిగా కనిపించింది. పోలయ్య ముందు కొన్ని ఆకులు పడ్డాయి. అందులో సగం ఆయన ఎవరితోనో మాట్లాడుతూ నమిలేశాడు.

దిల్‌బహార్ మడుగుపెద్ద అయ్యాడు. అడవి మల్లెలతో దండ వేశారు. ఇక జూలు దువ్వుకుని విశ్రాంతిగా పడుకుందామనుకునే సరికి, ముసలి తాబేలు ఒకటి వచ్చి వంగి దణ్ణం పెట్టింది.

"పెద్దయ్యా, రేపు పొద్దున మొదటి గుక్క తమరిది."

"మొదటి గుక్క? అచ్ఛా, సన్మానమా?"

"మా ఆనవాయితీ అయ్యా. మడుగుపెద్ద ముందు ఒక్కడే నీళ్లలోకి దిగి ఒక గుక్క తాగాలి. ఆయన క్షేమంగా ఉంటే తక్కినవాళ్లు దిగుతారు. ఆయన తాగేదాకా ఎవరూ నోరు తడపరు."

దిల్‌బహార్‌కు వేసిన దండ ఒక్కసారిగా బరువెక్కింది. "ఒక్కడేనా?"

"పోలయ్య రోజూ ఒక్కడే దిగేవాడయ్యా. ఆ విరిగిన కొమ్ము అక్కడే విరిగింది."

తాబేలు వెళ్లగానే దిల్‌బహార్ నక్క మీద విరుచుకుపడ్డాడు. "అరే చిట్టెబ్బాయ్! ఇదేంట్రా? పని లేదన్నావు! నా గాడిద ఎక్కడ?"

"గాడిద రానంది బాబుగారూ. లోయ అయితే దూకుతా, మొసలి దగ్గరికి మాత్రం నన్ను పిలవొద్దు అని పారిపోయింది."

"నేనూ పారిపోతా!"

"అయ్యో, ఇంత చిన్న సీనుకు ఎందుకండీ కంగారు?" నక్క గొంతు తగ్గించింది. "మాణిక్యం పొద్దున్నే అటు రెల్లు పక్కన ఎండ కాచుకుంటుంది. ఇటు రేవుకు రాదు. ఇటువైపు మన చెక్కమొసలిని తీగతో కట్టి నీళ్లలో వదులుతా. మీరు దిగండి. డైలాగు చెప్పండి. కాలు మోపండి. తోక పట్టి ఈడ్చండి. జనం కళ్ల ముందే మొసలిని జయించినట్టు! ఇక జీవితాంతం మీకు ఎదురెవడు?"

దిల్‌బహార్‌కు ప్రాణం లేచొచ్చింది. "శభాష్! నువ్వు గట్టు మీద ఉండు. ఏదైనా తేడా వస్తే కట్ చెప్పు."

"చెప్తాను. దానికేం భాగ్యం!"

పొద్దు పొడిచింది. అడవి అడవంతా రేవు దగ్గర గుమిగూడింది. అక్కమ్మ నలుగురు పిల్లల్ని ముందు నిలబెట్టుకుంది. దున్నలు వెనక వరసలో బద్ధకంగా నిలబడ్డాయి. పోలయ్య నీళ్ల వంకే చూస్తున్నాడు. నెమరు ఆపేశాడు.

నీళ్ల మీద తాటిదుంగలాంటి వీపు కనపడుతోంది. చూసి దిల్‌బహార్ మనసు కుదుటపడింది. గట్టు దిగాడు. ఎంత దర్జాగా దిగాడంటే, ఆ అడుగులకు మడుగులో అలలు వరసగా పక్కకు తప్పుకుని దారిచ్చాయి! మోకాలి లోతుకు వెళ్లి, జూలు విదిల్చి, వీపు మీద కాలు మోపాడు.

"అరే ఓ మగర్‌మచ్ఛ్! ఈ దిల్‌బహార్ కాలు కింద పడ్డవాడు మళ్లీ..."

దుంగ కన్ను తెరిచింది.

దిల్‌బహార్ ముచ్చటపడ్డాడు. 'వాహ్! చిట్టెబ్బాయి బాగా చేయించాడు. కళ్లు మూస్తోంది, తెరుస్తోంది. మా ఊళ్లో గురిగింజలు అతికించి ఊరుకున్నారు' అనుకున్నాడు. చర్మం కూడా తడిగా, మెత్తగా భలే కుదిరింది. కాలు ఇంకాస్త గట్టిగా నొక్కాడు.

"...మళ్లీ నోరు తెరవడు!"

దుంగ నోరు తెరిచింది. లోపల పళ్లు.

"శభాష్ బేటా!" అన్నాడు మెల్లగా, జనానికి వినపడకుండా. "ఇంకాస్త పెద్దగా తెరువు. వెనక వరసకు కనపడాలి."

అప్పుడే ఆయన చూపు అవతలి రెల్లు మీద పడింది. అక్కడ తెగిన తీగతో ఒక మొసలి తేలుతోంది. వెల్లకిలా. దాని కళ్లు రెండు గురిగింజలు.

ఆ క్షణంలో దిల్‌బహార్ జీవితంలో మొదటిసారి డైలాగు లేకుండా నిలబడ్డాడు. రెల్లులో ఉన్నది తన చెక్కమొసలి అయితే, తన కాలి కింద ఉన్నది ఎవరు?

"నా మడుగులో ఇంకో మొసలా?" అంది కాలి కింద మాణిక్యం. "దాన్ని పొద్దున్నే అవతలికి తోసేశాను. నీ సంగతి ఇప్పుడు చూస్తా."

"కట్!" అని అరిచాడు దిల్‌బహార్. "కట్! చిట్టెబ్బాయ్, కట్ చెప్పు!"

గట్టు మీద చిట్టెబ్బాయి లేడు. మద్దిచెట్టు వెనక నక్క తోక చివర మాత్రం వణుకుతోంది.

"కట్! ఒకసారి ఆపండి! మళ్లీ మొదటి నుంచి చేద్దాం! రీటేక్!"

మాణిక్యానికి సినిమాలు తెలియవు. ఒక్క ఊపున పైకి లేచింది. దిల్‌బహార్ వెనక్కి తిరిగాడు. పళ్లు ఆయన తోకను మొదలంటా పట్టుకున్నాయి. అప్పుడు సకిలించాడండీ! ఈసారి పొద వెనక ఎవరూ లేరు. అది ఆయన సొంత గొంతే. ఎంత సన్నగా, ఎంత కీచుగా ఉందంటే, ఎండలో ఉన్న ఉడతలు సిగ్గుతో చెవులు మూసుకున్నాయి.

గట్టు మీద లేళ్లు చప్పట్లు కొట్టాయి. ఇదంతా సీనే అనుకున్నాయి.

"చప్పట్లేంటే, దిక్కుమాలిన మొహాల్లారా!" అని అక్కమ్మ అరిచింది. "వాడు నిజంగా చచ్చిపోతున్నాడు! పోలయ్య మావా!"

పోలయ్య అప్పటికే కదిలాడు. వెనక దున్నలన్నీ ఒక్కసారిగా నీళ్లలో పడ్డాయి. ఆ దెబ్బకు నీళ్లు పైకి లేచి, మద్దిచెట్ల చిటారు కొమ్మల్లో గూళ్లు తడిసిపోయాయి. ఎండాకాలంలో వాన వచ్చిందని నెమళ్లు ఆడబోయాయి. కొమ్ములు, గిట్టలు, బురద. మాణిక్యం పట్టు వదల్లేదు గానీ, తోకే ఊడొచ్చింది. దిల్‌బహార్ గట్టు మీద పడ్డాడు. నోటి నిండా గుర్రపు వెంట్రుకలు అడ్డం పడి, మాణిక్యం దగ్గుకుంటూ, ఉమ్ముకుంటూ అవతలి రెల్లులోకి పారిపోయింది.

పోలయ్య మెడ వంచి ఒక గుక్క తాగాడు. తలెత్తి ఏదో చెప్పబోయాడు. ఎవరూ ఆగలేదు. అక్కమ్మ పిల్లలు ఆయన కాళ్ల మధ్యకు దూరి, కడుపులు ఉబ్బేదాకా తాగారు.

చిట్టెబ్బాయిని చెట్టు వెనక నుంచి కోతులు చెవులు పట్టి లాక్కొచ్చాయి. "నేను కట్ చెప్పబోయాను, గొంతు పట్టేసింది" అంది. "గొంతు పట్టేసిందా? నీళ్లు తాగితే తగ్గుతుంది" అంది అక్కమ్మ. ఆ ఎండాకాలం మొత్తం రోజూ పొద్దున్నే ముందు ఒంటరిగా నీళ్లలోకి దిగే పని నక్కకే అప్పగించారు.

అందరూ తాగి సేదదీరాక దిల్‌బహార్ లేచి నిలబడ్డాడు. నేరేడు రసం కారిపోయి జూలు ముసలి తెలుపులోకి వచ్చింది. వెనక తోక లేదు. అయినా హీరో హీరోనే కదా! ఎండ పడే చోటు వెతుక్కుని, ముందుకాలు ఒకటి ఎత్తి మొదలుపెట్టాడు.

"భాయియో, బెహనో! మీ దాహం కోసం ఈ దిల్‌బహార్ ఏమిచ్చాడో చూశారా? తోక! తన ప్రాణం కంటే ప్రియమైన తోకను ప్రజల కోసం త్యాగం..."

లేళ్ల కళ్లు చెమర్చాయి. ఒకటి రెండు ముక్కు చీదాయి. ఇంకొంచెం ఉంటే మళ్లీ ఆకులు పడేవే.

అప్పుడు జోరీగలు వచ్చాయి.

ముందు ఒకటి వచ్చి వెనక వాలింది. దిల్‌బహార్ అలవాటుగా తోక విసరబోయాడు. లేనిది ఎలా విసురుతాడు? "త్యాగం చే..." అని గెంతాడు. ఇంకోటి వాలింది. "త్యా..." అని చిందేశాడు. అడవిలో జోరీగలన్నిటికీ కబురు అందింది. వీపు చెట్టుకేసి రుద్దుకున్నాడు, నేల మీద పొర్లాడు, కాళ్లు గాల్లోకి తన్నాడు.

"ఇది ఏ సినిమాలోది హీరోగారూ?" అని అడిగింది అక్కమ్మ. "మాకు హిందీ రాదు. కాస్త నెమ్మదిగా చెయ్యండి."

లేళ్లు ముక్కు చీదడం ఆపి, ముందు కిసుక్కుమన్నాయి. తర్వాత అడవంతా నవ్వింది. పోలయ్య కూడా నవ్వాడు. కాకపోతే ఆయన నవ్వు అందరిదీ అయిపోయాక మొదలైంది.

దిల్‌బహార్ ఉత్తరం వైపు తిరిగి పరుగందుకున్నాడు. డూపు లేకుండా వాగులు దూకాడు, లోయలు దాటాడు. వెనక జోరీగలు నల్లటి మబ్బులా వెంటపడ్డాయి. ఆయన జీవితం మొత్తంలో సొంతంగా చేసిన గొప్ప పరుగు అదొక్కటే. దాన్ని చూసి చప్పట్లు కొట్టడానికి మాత్రం ఎవరూ వెంట వెళ్లలేదు.

నీతి: వేషం నచ్చితే చప్పట్లు కొట్టండి, పెత్తనం మాత్రం మీకంటే ముందు నీళ్లలో దిగినవాడికే ఇవ్వండి.