మలుపులో నాలుగు రాళ్లు

సెల్ఫ్ కొడితే ఇంజను తిరుగుతోంది గానీ అంటుకోవడం లేదు. కుళ్ళాయప్ప మళ్లీ కొట్టాడు. మళ్లీ అంతే.

"బ్యాటరీ బాగుందన్నా. లోపం అక్కడ లేదు," అన్నాడు కారు తెచ్చినాయనతో.

కుళ్ళాయప్ప మా నాన్న. అప్పటికి ఇరవై ఆరేళ్లవాడు. రాయచోటి నుంచి కడపకు వచ్చేవాళ్లు ఘాటు రోడ్డు దిగగానే ఎడమ పక్క ఒక రేకుల షెడ్డు ఉండేది. అది ఫకీరప్ప మేస్త్రిది. నాన్న ఏడేళ్లుగా అక్కడ పని నేర్చుకుంటున్నాడు. ఇక నేర్చుకున్నది చాలులే అనిపించే రోజులవి. తన గురించి ఎప్పుడూ చెప్పుకోని మనిషి, ఈ సంగతి మాత్రం మాకు మూడు నాలుగు సార్లు చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ అన్నం సగంలో వదిలేసి లేచేవాడు. అందుకే అమ్మ దీన్ని భోజనాల దగ్గర ఎత్తనిచ్చేది కాదు.

ఆ రోజు శుక్రవారం. మేస్త్రి జుమ్మా నమాజుకు వెళ్లి ఉన్నారు. పొద్దున్నుంచి సన్నగా జల్లు పడుతోంది. పైగా ఏదో బందు. రోడ్డు మీద మనిషి అలికిడి లేదు.

కారు దానంతటది రాలేదు. ఘాట్లో మలుపు దగ్గర ఏదో తగిలి ఆగిపోయిందట. ఇంజను లేకుండానే వాలు మీద దొర్లించుకుంటూ, బ్రేకు తొక్కుకుంటూ షెడ్డు దాకా తెచ్చారు.

దాంట్లో ఇద్దరే, మొగుడూ పెళ్లామూ. ఆమెకు నలభై ఉంటాయి. కారు దిగి షెడ్డు చూరు కింద నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు. చేతిలో సెల్ ఫోన్ ఉంది గానీ ఆ కొండ కింద సిగ్నల్ లేదు.

"వాళ్లమ్మ కడపలో ఆస్పత్రిలో ఉంది," అన్నాడాయన గొంతు తగ్గించి. "పొద్దున బావమరిది ఫోన్ చేసినాడు. కళ్లు తెరిచినప్పుడల్లా కూతురు యాడ అని అడుగుతోందంట. సాయంత్రం దాకా ఆగుతుందో లేదో అన్నాడు. కొంచెం బిర్రన చూడప్పా."

"పది నిమిషాలన్నా. సెల్ఫ్ శబ్దం వింటే చాలు, ఇంజను కడుపులో ఏముందో చెప్తాను."

"దేనికి తగిలిందో చూడవా?"

"ఘాట్లో రాళ్లు దొర్లుతానే ఉంటాయి. వానకు ఇంకా ఎక్కువ. దానికీ దీనికీ ఏం సంబంధంలే."

ప్లగ్గు ఊడదీశాడు. కరెంటు వస్తోంది. పెట్రోలు గొట్టం వదులు చేశాడు. చుక్క రాలేదు.

"దొరికింది. పంపు పోయింది," అన్నాడు. ఆ మాట అనేటప్పుడు తన ముఖంలో నవ్వుందని నాన్నే ఒప్పుకునేవాడు.

అప్పుడే పై నుంచి ఒక బస్సు దిగింది. బందు వల్ల పొద్దున్నుంచి అదే మొదటి బస్సు. ఆమె చూరు కింద నుంచి ఒక్క అంగలో రోడ్డు మీదికి వచ్చి చెయ్యెత్తింది. బస్సు ఆగింది కూడా.

"ఎందుకమ్మా, తడుసుకుంటా నిలబడి పోతావు," అన్నాడు నాన్న, చేతిలో పానా ఆడిస్తూ. "అది ప్రతి ఊర్లో ఆగుతుంది. నేను పంపు చూసేస్తే దానికంటే ముందు పోతావు. ఆ డ్రైవరుకు నువ్వే టాటా చెప్తావు చూడు."

ఆమె మొగుడి వైపు చూసింది. ఆయన మా నాన్న వైపు చూశాడు. నాన్న తల ఊపాడు.

"వస్తారా లేదా?" అన్నాడు కండక్టరు.

ఆమె చెయ్యి దించింది. బస్సు వెళ్లిపోయింది.

వెనక సీటు పెకలించి బయట పెట్టాడు. దాని కింద పంపు. నట్లు తుప్పు పట్టి ఉన్నాయి. ఒక్కొక్కటీ విప్పేసరికి ముప్పావు గంట. పంపు పైకి తీసి, రెండు వైర్లతో నేరుగా బ్యాటరీకి కలిపాడు.

పంపు గుర్రుమని తిరిగింది.

నాన్న దాని వైపే చూస్తూ ఉండిపోయాడు. పంపు బాగానే ఉంది. దాని దాకా కరెంటు రావడం లేదు. ఫ్యూజు చూశాడు. బాగుంది. వైర్ల కట్ట విప్పి ఒక్కో వైరూ పట్టుకుని వెతకడం మొదలుపెట్టాడు.

"నువ్వు చెప్పింది పది నిమిషాలు," అన్నాడు కారాయన. "ఇప్పటికి గంటాయ."

నాన్న ఇంకో వైరు పట్టుకున్నాడు. చూరు కింద ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు వినిపించకూడదని.

మేస్త్రి వచ్చారు. టోపీ తీసి మడిచి జేబులో పెట్టుకున్నారు. బయట తడుస్తున్న సీటును చూశారు. చూరు కింద మనిషిని చూశారు.

"మేస్త్రీ, పంపు మంచిదే, ఫ్యూజు మంచిదే, లోపం యాడుందో చిక్కడం లేదు," అన్నాడు నాన్న.

మేస్త్రి కారాయన దగ్గరికి వెళ్లారు.

"ఏం జరిగింది నాయనా?"

"పై మలుపులో రాళ్ల మీదికి పోయినాను. మంచులో కనపడలేదు. కింద దబ్బుమని తగిలింది. తగలడంతోనే ఇంజను ఆగిపోయింది."

బిస్మిల్లా అనుకుంటూ మేస్త్రి తడి నేల మీద వెల్లకిలా పడుకుని కారు కిందికి జరిగారు. అప్పటికే అరవై దాటిన మనిషి. టార్చి వెలుగు కింద అటూ ఇటూ కదిలింది. ఇంజనాయిలు ఉండే చాంబరును చేత్తో తడిమారు. పెట్రోలు గొట్టం పొడవునా వేళ్లు పోనిచ్చి, ఆ వేళ్లు వాసన చూసుకున్నారు. ఎక్కడా కారడం లేదు.

కింద నుంచే అడిగారు.

"రాళ్లు ఎన్ని?"

"నాలుగు."

"చెదిరి ఉన్నాయా?"

"లేదు మేస్త్రీ. వరసగా ఉన్నాయి, రోడ్డుకు అడ్డంగా. పక్కన ఒక కానుగ కొమ్మ కూడా పడి ఉంది. ఆకు వాడిపోయింది."

నాన్న చేతిలో వైర్ల కట్ట అట్లాగే ఉండిపోయింది.

బండి ఆగిపోయినచోట వెనక నుంచి వచ్చేవాళ్లకు తెలియాలని రాళ్లు పేరుస్తారు, పచ్చి కొమ్మ నరికి వేస్తారు. మన దారుల్లో అందరూ చేసేదే. ముందురోజు మధ్యాహ్నం అదే మలుపులో ఒక లారీకి యాక్సిల్ విరిగితే మేస్త్రి నాన్నను పంపారు. రాళ్లు మోసింది నాన్నే. కొమ్మ నరికిందీ నాన్నే. పని అయ్యేసరికి వాన మొదలైంది. లారీ డ్రైవరు హారను కొడుతుంటే నాన్న సామాన్లు లోపల పడేసి ఎక్కేశాడు. బండి బాగు చేశానన్న సంతోషం. రాళ్లూ కొమ్మా తీసెయ్యలేదు, వెనక్కి తిరిగి చూడలేదు.

మేస్త్రి కారు కింద నుంచి లేచారు. ముందు ఎడమ సీటు దగ్గర కాళ్లు పెట్టుకునే చోటికి వంగి, అట్ట పక్కకు జరిపి, లోపలికి వేలు పెట్టారు. చిన్నగా టిక్కుమంది.

"గట్టి దెబ్బ తగిలితే బండి తనే పెట్రోలు ఆపేసుకుంటుంది, నిప్పు అంటుకోకుండా," అన్నారు కారాయనతో. "ఈ మీట నొక్కితే మళ్లీ వదులుతుంది. గొట్టం పగల్లేదని చూసుకున్నాకే నొక్కాలి. కుళ్ళాయీ, పంపు పెట్టు."

నాన్న పంపును దాని చోట దించాడు. నట్లు మేస్త్రే బిగించారు. తడిసిన సీటు ఎత్తి లోపల వేశారు.

"ఇప్పుడు కొట్టు."

ఒక్కసారికే స్టార్టయింది.

ఆమె పరుగున వచ్చింది. ఎక్కబోతూ ఆగి, నాన్న వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది.

"మమ్మల్ని వదిలిపెట్టకుండా ఇంతసేపు కష్టపడినావు నాయనా. నీ తల్లి కడుపు చల్లగుండ."

"అమ్మా," అన్నాడు నాన్న. "ఆ రాళ్లు..."

మేస్త్రి కారు తలుపు వేసేశారు.

"పోనీయప్పా, పోనీ. టైం లేదు," అని బండి వెనక అరచేత్తో చరిచారు.

కారు వెళ్లిపోయింది. షెడ్డు ముందు తడి మట్టిలో సీటు పెట్టిన అచ్చు మాత్రం ఉంది. చూస్తుండగానే అదీ నీళ్లతో నిండిపోయింది.

మేస్త్రి చేతులు కడుక్కోలేదు. మూలనున్న గడ్డపార తీసుకుని ఘాటు వైపు నడవడం మొదలుపెట్టారు. ఆయనకు కుడి మోకాలు మడత పడదు. నాన్న వెంట పరుగెత్తాడు.

"మేస్త్రీ, మూడు మైళ్ల ఎక్కుడు. మీరెందుకు? నేను పోయి తీసేసి వస్తాను."

"నిన్న నిన్ను పంపింది నేనే."

నాన్న గడ్డపార అందుకోబోయాడు. ఆయన ఇవ్వలేదు.

చాలాసేపు ఇద్దరూ నడిచారు. వాన ఆగింది గానీ మంచు కొండ దిగుతోంది.

"తిట్టండి మేస్త్రీ."

ఆయన గడ్డపార ఇంకో భుజానికి మార్చుకున్నారు.

"నన్నెందుకు చెప్పనీయలేదు?"

"ఆమెకు ఈ పొద్దుకు ఒక ఏడుపు చాలు."

"అయితే రేపు కడపకు పోయి చెప్తాను. ఆస్పత్రులన్నీ తిరుగుతాను. కాళ్ల మీద పడతాను."

"ఎవరి కోసం అని అడుగుతావు?"

నాన్న ఆగిపోయాడు.

"గంటన్నర నీ ఎదురుగా ఉండినారు," అన్నారు మేస్త్రి నడక ఆపకుండా. "పేరు అడిగినావా? ఊరు అడిగినావా? నేనూ అడగలేదులే."

మలుపు వచ్చింది. మూడు రాళ్లు నాన్న పేర్చినట్టే ఉన్నాయి. నాలుగోది పక్కకు దొర్లి రెండుగా పగిలింది. కొమ్మ మీదుగా ఏవో చక్రాలు పోయాయి. ఆకు రోడ్డుకు అతుక్కుపోయి ఉంది.

కూరుకుపోయిన రాయి కింద మేస్త్రి గడ్డపార దూర్చి లేపారు. నాన్న దాన్ని ఎత్తి లోయ వైపు విసరబోయాడు.

"కింద మేకల వాళ్లుంటారు," అన్నారు మేస్త్రి.

నాన్న దాన్ని పొట్టకు ఆనించుకుని పిట్టగోడ దాకా మోసి, గోడ వారగా దించాడు. రెండోదీ అట్లాగే. మూడోదీ. ఈలోగా మేస్త్రి వంగలేక వంగి, రోడ్డుకు అతుక్కున్న ఆకు కూడా చేత్తో ఊడదీశారు.

పగిలిన రాయి మిగిలింది. దాని మీద ఇనుము గీసుకున్న తెల్లటి గాటు ఉంది. నాన్న దాని దగ్గర కూలబడ్డాడు. ముట్టుకోలేకపోయాడు.

"మేస్త్రీ, ఆమె పోయేసరికి వాళ్లమ్మ ఉంటుందా?"

"తెలీదు."

"మనకు ఎప్పుడు తెలుస్తుంది?"

"తెలియదు కుళ్ళాయీ. మనకు ఎప్పటికీ తెలియదు."

కింద ఎక్కడో ఒక బండి ఘాటు ఎక్కుతున్న చప్పుడు వినిపించింది. దాని వెలుగు ఇంకా మలుపుకు రాలేదు.

"ఉందనే అనుకోమంటారా మేస్త్రీ?" అన్నాడు నాన్న. "చూసే ఉంటుందని అనుకోమంటారా?"

మేస్త్రి గడ్డపార మీద ఆనుకుని నిలబడ్డారు.

"అట్లనుకుంటే ఈ రాయి తేలికవుతుందా?"

బండి చప్పుడు దగ్గరవుతోంది.

నాన్న లేచాడు. పగిలిన రాయి రెండు ముక్కలూ ఒకదాని మీద ఒకటి పెట్టుకుని, రెండు చేతులా ఎత్తుకున్నాడు.