వేకువ బిరుదు

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త అచ్చమ్మ. ఆవిడ చెప్పింది చెప్పినట్టే చెబుతాను. ఒక్క మాట కలపను, ఒక్క మాట తియ్యను.

ఒకానొక రాజ్యాన్ని గజరాయుడనే రాజు ఏలేవాడు. కోడికన్నా ముందే లేస్తానని ఆయన గొప్ప. ఎండ మంచం మీదికొచ్చేదాకా దుప్పటి తీసేవాడు కాడు, అది వేరే సంగతి. కొలువు తీరగానే భట్రాజు నరసరాజు లేచి, "వేకువకు ముందే మేలుకొను ప్రభువు" అని బిరుదు చదవాలి. రోజూ చదివేవాడు. తన నోట అబద్ధం పలికిస్తున్నారని లోపల మంట.

ఒకనాడు భటులు అటుకులు దంచి బతికే పేరంటాలును పట్టుకొచ్చారు. రోకలి కూడా తెచ్చారు.

"వేకువన దంచి ప్రభువుల నిద్ర చెడగొట్టింది," అన్నాడు భటుడు.

"రోకలి పొయ్యిలో పెట్టండి. దీన్ని ఊరు దాటించండి," అన్నాడు రాజు.

"తెల్లారేసరికి అటుకులు అంగడికి చేరాలి దొరా. రోకలి పోతే నా పిల్లలు పస్తే," అంది పేరంటాలు.

నరసరాజు లేచాడు. "తీర్పుకు ముందు బిరుదు చదవడం ఆనవాయితీ ప్రభూ."

"చదువు."

గోడలు మోగేలా చదివాడు. చదివి కూర్చోలేదు.

"ఇంకేమిటయ్యా?"

"ప్రభువులు వేకువకు ముందే మేలుకుంటే, వేకువన చెడిన ఆ నిద్ర ఎవరిదా అని."

కొలువంతా నేల చూపులు చూసింది. రాజు మీసం సర్దుకున్నాడు.

"వేకువంటే ఏమనుకున్నావు? మేము లేచే వేళే వేకువ."

నరసరాజు పేరంటాలు వైపు తిరిగాడు. "అమ్మా, ప్రభువులు లేచే వేళకు నువ్వేం చేస్తుంటావు?"

"అంత ఎండెక్కాకా? అటుకులు అమ్ముకొచ్చి గంజి తాగుతుంటాను బాబూ."

"విన్నారుగా. ప్రభువుల వేకువన ఈవిడ గంజి తాగింది. గంజికి చప్పుడుండదు. బిరుదు ఉంచమంటారా, నేరం ఉంచమంటారా? రెండింటికీ ఈ కొలువులో చోటు చాలదు ప్రభూ."

రాజు మీసం మీంచి చెయ్యి తీసి, పొట్ట పట్టుకుని నవ్వాడు. రోకలి మొనకు కొత్త ఇనప పొన్ను వేయించి పేరంటాలుకు ఇప్పించాడు. తన భుజం మీది శాలువా నరసరాజుకు కప్పాడు.

"శాలువా సరే ప్రభూ. ఆ బిరుదు మాత్రం ఇక చదవలేను."

"రేపు వేకువకు ముందే లేస్తాం. వచ్చి చూసి చదువు."

లేచాడో లేదో అత్త చెప్పలేదు.

ఇప్పుడు ఎగువూరి వాళ్ళు ఈ మాటలన్నీ మంత్రి అన్నాడని చెప్పుకుంటున్నారు. మంత్రి ఆనాడు నోరు విప్పలేదు. అన్నది భట్రాజు నరసరాజు. బాగా రాయడం వచ్చినవాళ్ళెవరైనా ఆ పేరు సరిగ్గా రాసిపెట్టండి.